అదిరిందటండీ!

నాయకుడు టీవీలో గంటసేపు మాట్లాడి ఇంటికి చేరాక ప్రజాభిప్రాయ సేకరణ మొదలవుతుంది. స్థలం ఆయన హాలు. ప్రజలంటే ఆ హాల్లో చేతులు కట్టుకుని నిలబడినవారు.

"ఎలా వచ్చింది?" అంటూ ఆయన సోఫాలో కూలబడతారు. "అదిరింది సార్" అంటాడు పీఏ. "ఆ యాంకరుకు చెమటలు పట్టాయి బావా" అంటాడు బావమరిది. ఆ యాంకరుకు ప్రశ్నల కాగితం ముందురోజే పంపింది తనే. సోషల్ మీడియా చూసే కుర్రాడు ఫోను చూపిస్తాడు: నలభై లక్షల వ్యూస్! అందులో సగానికి పైగా, నాయకుడు సొంత జిల్లా ప్రాజెక్టు పేరు తప్పు పలికిన ముక్కకు బ్రహ్మానందం ముఖం అతికించిన మీమ్‌కు వచ్చినవే. ఆ సంగతి కుర్రాడు చెప్పడు, ఒకటో తారీఖున జీతం రావాలి కదా. "విమర్శలేమైనా ఉన్నాయా?" అని అడుగుతారు, ఎంతైనా ప్రజాస్వామ్యవాది. "ఉన్నాయి సార్. మరో గంట మాట్లాడలేదని జనం బాధపడుతున్నారు." టీ కప్పులు తీస్తున్న మనిషి ఏదో అనబోయి, బావమరిది చూపు తగిలి ఊరుకున్నాడు. ఆ ఇంట్లో ఇంటర్వ్యూ మొత్తం చూసింది అతనొక్కడే.

శాస్త్రీయ పద్ధతులు లేకపోలేదు. టీవీ ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ దేశమంతటికీ కలిపి పెట్టిన మీటర్లు 2025 నాటికి సుమారు 58,000 ఇళ్లలో ఉన్నాయి. ఏ ఛానెల్ నడుస్తోందో అవి చెబుతాయి. చూస్తున్నవాడు పళ్లు నూరుతున్నాడా, నిద్రపోతున్నాడా అన్నది వాటికి పట్టదు. ఇక 2021 నవంబరు నుంచి యూట్యూబ్ నచ్చనివారి లెక్కను జనానికి చూపడం మానేసింది. అది ఇప్పుడు ఛానెల్ నడిపేవారికే తెలుస్తుంది, అంటే మన కుర్రాడికి!

2014 జనవరిలో రాహుల్ గాంధీ టైమ్స్ నౌ ఛానెల్‌కు ఇచ్చి నవ్వులపాలైన ఇంటర్వ్యూ గుర్తుందిగా? మే నెలలో కాంగ్రెస్‌కు 44 సీట్లు వచ్చాయి. 2007లో జర్నలిస్టు కరణ్ థాపర్ ఇంటర్వ్యూ మధ్యలోనే లేచి వెళ్లిపోయిన నరేంద్ర మోదీ మాత్రం ప్రధాని అయ్యారు. కనుక ఇందులో జోస్యం వెతకడం కూడా దండగే.

జనం మనసు నిజంగా తెలియాలంటే సోమవారం పూట ఏ కలెక్టరేటుకైనా వెళ్లాలి. తడిసిన ధాన్యం కొనలేదని, పింఛను ఆగిపోయిందని రాసిన అర్జీలు వేలిముద్రలతో సహా దొరుకుతాయి. చదవడానికి ఏ సర్వే సంస్థా అక్కరలేదు, చదువు వస్తే చాలు. చదవరు! అదే కాగితంతో మళ్లీ మళ్లీ బస్సెక్కి వచ్చిన ముసలమ్మకు "మీ సమస్య పరిష్కారమైపోయినట్టు కంప్యూటర్‌లో ఉందమ్మా" అని చెప్పి పంపేస్తారే, సిగ్గులేదా? పైగా సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కమని ఆమెకే ఫోను చేస్తారు!

ఆమెను పిలవండి స్టూడియోకు. నాయకుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి. ఆ గంటసేపూ ప్రకటనల విరామం మాత్రం ఇవ్వకండి.