పిలిచి పీటేసి, కూర్చోబోయేసరికి లాగేశారు

అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఐ-134, అంటే వచ్చేవాళ్ల ఖర్చుకి మాదీ పూచీ అని రాసిచ్చే ఫారం గురించి తెలియనివాళ్లు తక్కువే. అమ్మానాన్నల విజిటర్ వీసా ఇంటర్వ్యూ కోసం కొడుకో కూతురో అక్కణ్నుంచి బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పే స్టబ్‌లు, ఎంప్లాయ్‌మెంట్ లెటరు, వాటితోపాటు ఈ ఫారమూ పంపడం, పెద్దవాళ్లు అదంతా ప్లాస్టిక్ ఫోల్డర్‌లో సర్దుకుని పొద్దున్నే కాన్సులేట్ ముందు లైన్లో నిలబడడం, తీరా లోపలికెళ్తే ఆఫీసరు ఆ ఫోల్డర్ తెరవమని కూడా అనకుండా రెండు ప్రశ్నలడిగి పంపించేయడం మనకి మామూలే. మన దగ్గర చాలాసార్లు ఎవరూ చూడని ఆ ఫారమే 2022 అక్టోబర్ నుంచి వెనిజులా కుటుంబాలకి అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం అయిపోయింది. తర్వాత దానికి చివర ఒక అక్షరం తగిలించి ఐ-134ఏ అన్నారు, అంతే. ఆ కాగితం నమ్ముకుని వచ్చినవాళ్లనే 2025లో ట్రంప్ ప్రభుత్వం గడువు తీరకముందే పొమ్మంది.

ఆ నెల 12న బైడెన్ ప్రభుత్వం చెప్పిందేంటంటే, అమెరికాలో లీగల్‌గా ఉంటున్నవాళ్లు ఎవరైనా సరే, సిటిజన్ కానీ గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు కానీ ఆఖరికి టీపీఎస్ (సొంత దేశంలో పరిస్థితి బాగోలేదని తాత్కాలికంగా ఉండనిచ్చే రక్షణ) మీద ఉన్నవాళ్లు కానీ, వెనిజులాలో ఉన్న తమ మనిషిని చూసుకునే పూచీ మాది అని ఆన్‌లైన్‌లో ఫారం పెడితే, ఆ మనిషికి సెక్యూరిటీ చెక్స్ చేసి, అన్నీ బాగుంటే రెండేళ్లు ఉండనిస్తాం, వర్క్ పర్మిట్ తీసుకుని పని చేసుకోవచ్చు అని. దీని పేరు హ్యూమానిటేరియన్ పరోల్, జైలు పరోల్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇది వీసా కాదు, గ్రీన్‌కార్డ్‌కి దారి అంతకన్నా కాదు. ఇదేదో బైడెన్ కొత్తగా కనిపెట్టిందీ కాదు, 1956లో హంగరీ నుంచి పారిపోయి వచ్చినవాళ్లని, 1975లో వియత్నాం వాళ్లని, 2021లో అఫ్గాన్లని తీసుకొచ్చింది ఈ పవర్ వాడే. వెనిజులాకి మొదట 24 వేల మంది అని లిమిట్ పెట్టారు, 2023 జనవరిలో క్యూబా, హైతీ, నికరాగువా కూడా కలిపి నాలుగు దేశాలకీ నెలకి 30 వేలు అన్నారు.

ఎందుకు పెట్టారో కూడా చెప్పుకోవాలి. వెనిజులా నుంచి దాదాపు 77 లక్షల మంది దేశం వదిలి వెళ్లిపోయారు, అందులో ఎక్కువమంది పక్కనున్న కొలంబియా, పెరూల్లోనే ఉన్నారు. కరెన్సీలో 2008లో మూడు సున్నాలు, 2018లో ఐదు, 2021లో ఇంకో ఆరు కొట్టేసిన దేశం అది. 2022 మార్చిలో కనీస వేతనం నెలకి 130 బొలివర్లు చేశారు, అప్పుడది 30 డాలర్ల దాకా వచ్చేది, 2024 వచ్చేసరికి నాలుగు డాలర్లు కూడా రావట్లేదు. పాస్‌పోర్ట్ తీసుకోవాలంటే మాత్రం అప్పట్లో 200 డాలర్ల పైమాటే. అలాంటప్పుడు జనం ఏం చేస్తారు, కొలంబియాకీ పనామాకీ మధ్యనున్న దరియెన్ అడవిలో బురదలో, ఏరుల్లో పడి నడుచుకుంటూ ఉత్తరానికి వచ్చారు, ఒక్క 2023లోనే 5 లక్షల 20 వేల మంది ఆ దారిన దాటితే అందులో 3 లక్షల 28 వేలు వెనిజులా వాళ్లే. ఈ నడక మానండి, స్పాన్సర్‌ని వెతుక్కోండి, ఫ్లైట్ ఎక్కి దర్జాగా రండి అన్నదే ఈ ప్రోగ్రాం అసలు ఉద్దేశం. ప్రకటన వచ్చాక కూడా పర్మిషన్ లేకుండా పనామాలోకో మెక్సికోలోకో అడుగుపెట్టినవాళ్లకి ఇందులో చోటు లేదని గట్టిగా రాశారు కూడా.

అంటే దీనికి అప్లై చేసినవాళ్లు ఎవరు? రూల్ విని ఇంట్లో ఆగిపోయినవాళ్లు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా గొడవంతా సులువుగా అర్థమవుతుంది.

ప్రోగ్రాం నడిచినన్నాళ్లూ స్పాన్సర్ పని బయటికి కనపడినంత ఈజీగా ఉండేది కాదు. ఫీజు లేదు నిజమే, కానీ మనిషికో ఫారం, చంటిపిల్లకైనా వేరే ఫారమే. ఆదాయం లెక్క ఫెడరల్ పావర్టీ గైడ్‌లైన్‌తో, అంటే ప్రభుత్వం గీసిన పేదరికం గీతతో చూసేవాళ్లు, అందులో వచ్చేవాళ్లని కూడా స్పాన్సర్ ఇంట్లోవాళ్ల కిందే లెక్కేసేవాళ్లు. మొగుడూ పెళ్లాం ఒక బిడ్డ ఉన్న ఇల్లు అమ్మానాన్నని పిలిపించుకోవాలంటే ఐదుగురి లెక్క, 2023లో అది ఏడాదికి 35,140 డాలర్లు. హోటల్లో వంట పని చేస్తూ, వీకెండ్ ఊబర్ నడుపుకునేవాళ్లకి ఆ గీత దాటడం కష్టమే, అందుకే అన్నదమ్ములు ఇద్దరు కలిసి ఒకే మనిషికి నిలబడిన కేసులు, చర్చిలో పరిచయమైనవాళ్లని బతిమాలుకున్న కేసులు ఉన్నాయి. అది ఓకే అయ్యాక అటువైపు వాళ్లకి ఈమెయిల్, అకౌంట్, టీకాల వివరాలు, సీబీపీ వన్ అనే అమెరికా బోర్డర్ శాఖ యాప్‌లో ఫోన్ ముందు మొహం పెట్టి ఫోటో, ఆ తర్వాత 90 రోజులు పనికొచ్చే ట్రావెల్ పర్మిషన్. టికెట్ డబ్బులు సొంతం. కారకాస్‌లో అమెరికా ఎంబసీ 2019లోనే మూసేశారు, అదే ఏడాది డైరెక్ట్ ఫ్లైట్లు కూడా ఆపేశారు, కాబట్టి ఏ కొలంబియా రాజధాని బొగోటా మీదుగానో తిరిగి రావాల్సి వచ్చేది. దిగాక కూడా ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసరు చూసి సరే అంటేనే పరోల్. ఇన్ని గుమ్మాలు దాటి వచ్చినవాళ్లని పట్టుకుని వెట్టింగే, అంటే ముందస్తు తనిఖీయే జరగలేదు అని ట్రంప్ ప్రభుత్వం అంటోంది, వినడానికే విడ్డూరంగా ఉంది.

బైడెన్‌ని వెనకేసుకు రావడానికి ఈ సంపాదకీయం రాయట్లేదు, ఆయన వాళ్లు చేసిన తప్పులూ చిన్నవి కావు. నెలకి 30 వేలు అన్నచోట 2023 మే నాటికే 15 లక్షలకి పైగా అప్లికేషన్లు పడ్డాయి, దాంతో సగం పాతవాటిలోంచి, సగం లాటరీలా తీస్తాం అన్నారు. 2024లో స్పాన్సర్ల ఫారాల్లో ఒకే అడ్రస్‌లు, ఒకే నంబర్లు మళ్లీ మళ్లీ కనపడుతున్నాయని తేలి జులై, ఆగస్టుల్లో ప్రోగ్రాం ఆపారు, స్పాన్సర్ల వేలిముద్రలు కూడా తీసుకోవాలన్న ఇంగితం అప్పుడు వచ్చింది, ఆగస్టు చివర్లో మళ్లీ మొదలెట్టారు. ఈ లోపల సోషల్ మీడియాలో స్పాన్సర్‌షిప్‌లు అమ్ముకునే బ్రోకర్లు తయారయ్యారు, ఫ్రీగా పెట్టే ఫారానికి వేల డాలర్లు గుంజినవాళ్లున్నారు. వీసా బ్రోకర్ల చేతుల్లో పొలాలు పోగొట్టుకున్న మన ఊళ్లవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంకో పెద్ద తప్పు అదే ఏడాది అక్టోబర్‌లో జరిగింది, రెండేళ్లు అయిపోయాక ఈ నాలుగు దేశాలవాళ్లకి పొడిగింపు ఉండదు, వేరే దారి చూసుకోండి అనేశారు. ఉక్రెయిన్ వాళ్లకి మాత్రం అప్పట్లో మళ్లీ పరోల్ ఇస్తూనే వచ్చారు. ఎలక్షన్‌కి నెల ముందు తీసుకున్న నిర్ణయం అది, ఎందుకు తీసుకున్నారో ఎవరికి తెలియదు?

బోర్డర్ మీద ప్రెజర్ తగ్గిందా అంటే మొదట్లో బాగా తగ్గింది, వెనిజులా వాళ్ల దొంగదారి రాకలు కొన్ని వారాల్లోనే పడిపోయాయి. కానీ 2023 సెప్టెంబర్‌లో మళ్లీ నెలకి 50 వేలు దాటాయి. కాబట్టి ఈ ప్రోగ్రాం బోర్డర్‌ని బాగుచేసేసింది అని మేం అనం. టెక్సాస్, ఇంకో ఇరవై రాష్ట్రాలు కలిసి కేసు వేస్తే ఏమైందో మాత్రం చెప్పుకోవాలి. వీళ్లవల్ల మా ఖర్చులు పెరుగుతున్నాయి అన్నది టెక్సాస్ వాదన, ట్రంప్ నియమించిన జడ్జి డ్రూ టిప్టన్ దగ్గర విచారణ జరిగింది, 2024 మార్చిలో ఆయనే లెక్కలు చూసి, ప్రోగ్రాం వచ్చాక ఈ దేశాల నుంచి వచ్చేవాళ్ల సంఖ్య తగ్గింది, మీ ఖర్చు పెరిగిందని చూపించలేకపోయారు, కేసు వేసే అర్హతే మీకు లేదు పొమ్మన్నారు. హ్యూస్టన్ పక్కనున్న కేటీలో వెనిజులా వాళ్లు ఎంతమంది అంటే ఆ ఊరికి కేటీజులా అని ముద్దుపేరే ఉంది, మన తెలుగువాళ్లు కూడా అక్కడ బాగానే ఉన్నారు. అరెపాలు (వెనిజులా వాళ్ల మొక్కజొన్న రొట్టెలు) అమ్మే కొట్టు ముందు లైను చూస్తే చాలు, వీళ్లు పని చేసుకుని బతుకుతున్నారో రాష్ట్రం మీద పడి తింటున్నారో తెలిసిపోతుంది.

2025 జనవరి 20న ట్రంప్ సంతకంతో ప్రోగ్రాం ఆగిపోయింది. కొత్తవాళ్లని తీసుకోం అంటే అది ఆయన ఇష్టం, ఓట్లేసి గెలిపించారు, పాలసీ మార్చుకునే హక్కుంది, మేం దాన్ని తప్పు పట్టం. కానీ ఆగింది అక్కడ కాదు. మార్చి 25న నోటీసు ఇచ్చి, అప్పటికే వచ్చేసి రెండేళ్ల కాగితం చేతిలో ఉన్నవాళ్ల పరోల్ కూడా ఏప్రిల్ 24తో చెల్లదు అన్నారు. నాలుగు దేశాలూ కలిపి 5 లక్షల 30 వేల మంది దాకా ఈ దారిలో వచ్చారు, అందులో వెనిజులా వాళ్లు లక్షా 17 వేలు. బోస్టన్‌లో జడ్జి ఇందిరా తల్వానీ దీన్ని ఆపారు, ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరి కేసు చూసి ఇవ్వాలని చట్టం చెప్తుంటే తీసేసేటప్పుడు మాత్రం గంపగుత్తగా ఎలా తీసేస్తారు అన్నది ఆవిడ ప్రశ్న. మే 30న సుప్రీంకోర్టు ఆవిడ ఆర్డర్‌ని పక్కన పెట్టేసింది, కారణం ఒక్క లైను కూడా రాయలేదు, జస్టిస్ జాక్సన్, జస్టిస్ సోటోమేయర్ మాత్రం ఒప్పుకోలేదు. సెప్టెంబర్‌లో అప్పీల్ కోర్టు కూడా ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది.

జూన్ 12 నుంచి ఈమెయిళ్లు వెళ్లాయి, మీ పరోల్ రద్దయింది, వర్క్ పర్మిట్ రద్దయింది, వెంటనే దేశం వదిలి వెళ్లండి, వెళ్లాలంటే సీబీపీ హోమ్ యాప్‌లో రిజిస్టర్ చేసుకోండి, టికెట్‌కి సాయం చేసి, చేరాక వెయ్యి డాలర్లు ఇస్తాం అని. ఈ సీబీపీ హోమ్ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా, ఆ పాత సీబీపీ వన్ యాప్‌కే పేరు మార్చారు. రమ్మని ఫోటో తీసుకున్న ఫోన్‌లోనే పొమ్మని మెసేజ్.

మాకు అన్నిటికన్నా బాధ అనిపించేది స్పాన్సర్ల సంగతి. అడ్రస్, జీతం, ఉద్యోగం, ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరిని తెచ్చుకుంటున్నారు, అంతా వాళ్లే స్వయంగా గవర్నమెంట్ చేతిలో పెట్టారు. దొంగదారిన వచ్చినవాడి అడ్రస్ ఎవరికీ తెలియదు, రూల్ ప్రకారం వచ్చినవాడిది మాత్రం ఫైల్లో నీట్‌గా టైప్ చేసి ఉంది. ఇప్పుడు ఎవరి తలుపు కొట్టడం తేలిక? ఇందులో చాలామంది స్పాన్సర్లు కూడా టీపీఎస్ మీద బతుకుతున్న వెనిజులా వాళ్లే, ఆ టీపీఎస్‌ని కూడా 2025లోనే తీసేస్తామన్నారు, కోర్టుల్లో అటూ ఇటూ అయ్యి చివరికి అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దానికీ ఊ అంది. పిలిచినవాళ్లకీ వచ్చినవాళ్లకీ ఒకేసారి కాళ్ల కింద నేల కదిలింది. నేను చూసుకుంటాను అని సంతకం పెట్టిన అన్న ఇప్పుడు చెల్లికి ఏం చెప్పాలి?

మన పాఠకుల్లో కొందరు ఇంకోలా ఆలోచిస్తారని మాకు తెలుసు. మేం హెచ్1బీ మీద పదేళ్లు, పదిహేనేళ్లు టాక్సులు కడుతూ లైన్లో ఉన్నాం, తోడబుట్టినవాళ్లకి పిటిషన్ వేస్తే పద్దెనిమిదేళ్లు దాటుతోంది, వీళ్లేమో నెలల్లో వచ్చి కూర్చున్నారు అని. ఆ కడుపుమంట అర్థమవుతుంది, అందులో తప్పులేదు. కానీ ఒక్క విషయం చూడండి, పరోల్ మీద వచ్చినవాళ్లు మన క్యూలోంచి ఒక్క గ్రీన్‌కార్డ్ నంబర్ కూడా తీసుకోలేదు, ఆ కోటాకీ దీనికీ సంబంధమే లేదు. మన క్యూ కదలకపోవడానికి కారణం ఒక్కో దేశానికి ఏడు శాతానికి మించి గ్రీన్‌కార్డ్‌లు ఇవ్వకూడదని పార్లమెంట్... అదే, కాంగ్రెస్ పెట్టిన రూలు. వెనిజులా వాళ్లని పంపేసినంత మాత్రాన మన ప్రయారిటీ డేట్ ఒక్కరోజు కూడా ముందుకి జరగదు. పైగా, ఇచ్చిన కాగితం గడువు లోపలే చెల్లదు అనడం ఒకళ్ల విషయంలో అలవాటైతే, ఐ-797 (హెచ్1బీ లాంటివి ఓకే అయ్యాయని ఇచ్చే నోటీసు) పట్టుకుని బతుకుతున్న మనం మరీ అంత ధీమాగా ఉండక్కర్లేదు.

ప్రభుత్వం పక్షాన చెప్పే మాటల్లో గట్టిది ఒకటుంది, ఇంతమందికి ఒక్కసారిగా పరోల్ ఇచ్చే అధికారం ప్రెసిడెంట్‌కి చట్టం ఇవ్వలేదు, అది ఒక్కో కేసుకి వాడాల్సింది అని. దీన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ వాదనకి జవాబు ఒక్కో కేసూ మళ్లీ చూడటం, మోసం చేసినవాళ్లని ఏరి పంపించడం, మిగతావాళ్లకి రాసిచ్చిన రెండేళ్లూ పూర్తవనివ్వడం. అసలు చాలామందికి మిగిలింది కొన్ని నెలలే, ఆ కాస్త టైం ఇస్తే కొంపలేం మునిగేవి కావు. దాని బదులు లక్షల మందిని ఒక్క నోటీసుతో రాత్రికి రాత్రి ఇల్లీగల్ చేశారు.

కాంగ్రెస్ చేయాల్సిన పని కూడా కొత్తదేం కాదు. హంగరీ వాళ్లని పరోల్ మీద తెచ్చాక 1958లో చట్టం చేసి వాళ్లకి గ్రీన్‌కార్డ్ దారి చూపించారు, వియత్నాం వాళ్లకి 1977లో చేశారు, క్యూబా వాళ్లకి 1966 నుంచీ వాళ్ల సొంత చట్టమే ఉంది, ఒక ఏడాది గడిస్తే అప్లై చేసుకోవచ్చు. వెనిజులా వాళ్లకి అలాంటిది ఏదీ లేదు, మిగిలింది అసైలమే, అంటే ఆశ్రయం అడగడమే, అది కూడా 2025 జులై చట్టం తర్వాత వంద డాలర్ల ఫీజు, కేసు పెండింగ్‌లో ఉన్నన్నాళ్లూ ఏడాదికి ఇంకో వంద. దేశంలో అడుగుపెట్టిన ఏడాది లోపల అసైలం వేయాలన్న గడువు ఒకటుంది, కానీ లీగల్‌గా పరోల్‌లో ఉన్న కాలానికి మినహాయింపు అడగొచ్చు, పరోల్ పోయాక ఆలస్యం చేస్తే ఆ వాదన పలచబడుతుంది. మీ ఆఫీసులోనో అపార్ట్‌మెంట్‌లోనో ఇలా ఇరుక్కున్న వెనిజులా కుటుంబం ఉంటే నోటరీ అని బోర్డు పెట్టుకున్నవాళ్ల దగ్గరికి కాకుండా లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి ఈ వారమే వెళ్లమని చెప్పండి. మీకు ఓటుంటే మీ కాంగ్రెస్ మెంబర్ ఆఫీసుకి ఒక ఫోన్ కూడా చేయండి, మన గ్రీన్‌కార్డ్ బ్యాక్‌లాగ్ గురించి చేసే ఫోన్‌లోనే ఇదీ ఒక మాట అనొచ్చు.