పాత వుడ్‌స్టవ్ తలుపు తాడును గీకకండి

మంచు మొదలైతే చాలు, అమెరికా ఈశాన్యంలోని మా న్యూ ఇంగ్లండ్ తెలుగు గ్రూపులన్నిటిలో వుడ్‌స్టవ్ గురించి, అంటే కట్టెలు కాల్చి ఇల్లు వెచ్చబెట్టే ఇనుప పొయ్యి గురించి, అదే మెసేజ్. "పాత పోత ఇనుప వుడ్‌స్టవ్‌ను మీరే విప్పి, సీల్ చేసి, ఒక్క వీకెండ్‌లో కొత్తదిలా మార్చుకోండి" అని. పాత ఇల్లు కొన్న ప్రతివాళ్లూ దాన్ని నాకు పంపి "నిజమేనా అన్నా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పి విసిగిపోయాను.

"పొగ బయటికి రాకపోతే లీకు లేనట్టే" అంటుంది మొదట. తప్పు. చిమ్నీ బాగా లాగుతున్నప్పుడు అతుకుల సందుల్లోంచి పొగ బయటికి రాదు, గదిలో గాలే లోపలికి పోతుంది. అందుకే గాలి రంధ్రం పూర్తిగా మూసినా మంట తగ్గదు. పలకలు ఎర్రబడి వంగుతాయి, పగులుతాయి. అర్ధరాత్రి నిప్పులు మాత్రమే మిగిలాక చిమ్నీ లాగుడు తగ్గుతుంది. అప్పుడు ఆ సందుల్లోంచే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదిలోకి రావచ్చు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. స్టవ్ మండుతుండగా అగరుబత్తి వెలిగించి అతుకుల వెంట నడపండి. పొగ ఎక్కడ లోపలికి వంగితే అక్కడ సందు ఉన్నట్టు.

"ఎర్ర సిలికాన్ పూస్తే చాలు." చాలదు. అది తట్టుకునేది దాదాపు 600 డిగ్రీల ఫారన్‌హీట్. లోపలి అతుకులు అంతకు మించి కాగుతాయి. పొయ్యిల అతుకులకే చేసిన ఫర్నేస్ సిమెంటు 2000 డిగ్రీలకు కూడా నిలుస్తుంది.

తలుపు అంచు చుట్టూ సీలుగా పెట్టే తాడు గురించి: "తాడు ఎంత లావుంటే అంత గట్టి సీలు." తలుపే పడదు. స్టవ్ వెర్మాంట్ క్యాస్టింగ్స్ కంపెనీదైనా, నార్వే యోతుల్ కంపెనీదైనా, ఆ మోడల్‌కి చెప్పిన సైజే వాడాలి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని పాయింటు. "పాత తాడును డ్రిల్లుకి వైర్ బ్రష్ తగిలించి గీకేయండి, దుమ్ము వ్యాక్యూమ్ చేయండి, పిల్లలతో కలిసి చేసుకునే సరదా పని" అట! 1973 చమురు సంక్షోభం తర్వాత ఇక్కడ వుడ్‌స్టవ్‌లు విపరీతంగా అమ్ముడుపోయాయి. మన చేతికొచ్చే పాతవాటిలో చాలా ఆ కాలంవే. ఆ రోజుల్లో తలుపు చుట్టూ ఆస్బెస్టాస్ తాడు పెట్టడం మామూలు. ఫర్నేస్ సిమెంటులో కూడా కలిపేవాళ్లు. మన ఊళ్లలో ఇళ్లకు కప్పిన రేకుల్లో ఉన్నది అదే రాతినార, పులివెందుల గనుల్లో తవ్వినదీ అదే. రేకులో అది సిమెంటులో బిగిసి ఉంటుంది. కాలిపోయిన తాడులో ఏ ఆధారమూ లేక, ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది. దాన్ని డ్రిల్లుతో గీకితే ఏమవుతుంది? ఆ పోగులు గంటల తరబడి గాల్లో తేలతాయి. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ వాటిని ఆపలేదు, వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది. వాటివల్ల వచ్చే క్యాన్సర్ ఇరవై, నలభై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అంటే ఈరోజు టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడ్డ పిల్లవాడికి, వాడు తండ్రయ్యాక! ఏ ధైర్యంతో ఫార్వర్డ్ చేస్తున్నారు మీరు?

"తెల్లగా ఉంటే ఫైబర్‌గ్లాసే" అన్న మాట కూడా నమ్మకండి. మసిపట్టాక రెండూ ఒకేలా ఉంటాయి. ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది. తేలేదాకా దాన్ని కదపకండి. ఆస్బెస్టాస్ అయితే లైసెన్సున్నవాళ్లను పిలవండి.

బిగుసుకున్న బోల్టుల్ని సుత్తితో కొట్టమన్నారు. చల్లగా ఉన్న పోత ఇనుము దెబ్బకు వంగదు, పగులుతుంది. నూనె, వేడి, ఓపిక. అప్పటికీ రాకపోతే డ్రిల్ చేసి తీయాలి.

ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. బూడిద, ఉప్పు కలిపిన ముద్దతో సందులు పూడ్చమన్న చిట్కాను చాలామంది తిట్టిపోస్తున్నారు. అది కట్టుకథ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి ఇళ్లల్లో నిజంగానే అలా పూడ్చేవారు, అది గట్టిపడేది కూడా. ఉప్పు ఇనుమును తినేస్తుంది కాబట్టి ఇప్పుడు అక్కర్లేదు, అంతే.

సిమెంటు పూసిన సాయంత్రమే పెద్ద మంట వేయమన్న సలహా పాటిస్తే, అందులోని నీరు మరిగి, బుడగలొచ్చి, సీలంతా పగులుతుంది. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, చిన్న చిన్న మంటలతో మొదలుపెట్టండి.

ఇప్పటికే గీకేసినవాళ్లుంటే ఊడవకండి, వ్యాక్యూమ్ పెట్టకండి. హీటింగ్ ఫ్యాన్ ఆపి, ఆ గది తలుపు మూసి, పిల్లల్ని దూరంగా ఉంచి, ఆస్బెస్టాస్ తొలగించే లైసెన్సున్నవాళ్లకు ఈరోజే ఫోన్ చేయండి.