వేళ్ళ మీద నిషేధం

మా అమ్మాయికి ఏడేళ్ళు. 8కి 5 కలిపితే ఎంత అని అడిగితే రెండు చేతులూ చాపి ఎనిమిది వేళ్ళు తెరుస్తుంది. తనవి ఇంకా రెండే మిగిలాయని గమనించి, వాటినీ తెరిచి, నా చెయ్యి లాక్కుంటుంది. అందులోంచి మూడు వేళ్ళు అప్పు తీసుకుని, "పదమూడు" అంటుంది. జవాబు తప్పు కాదు. కానీ పరీక్షలో పక్కవాళ్ళ వేళ్ళు అప్పు పుట్టవు కదా! అందుకే ఒక ఆదివారం పొద్దున్నే ఇంట్లో చట్టం చేశాను. ఇక మీదట వేళ్ళ మీద లెక్క నిషేధం, అంతా మనసులోనే.

"మనసు ఎక్కడుంటుంది నాన్నా?"

తల చూపించాను. రెండు చేతులతో తల తడుముకుని, "ఇక్కడ వేళ్ళు లేవే!" అంది.

చేతులు వెనక్కి కట్టించి 6కీ 7కీ కూడిక అడిగాను. కాసేపు కళ్ళు మూసుకుని పదమూడు అంది. మురిసిపోయాను. రెండో లెక్కకు ఎందుకో నా చూపు కిందికి పోయింది. కాలి వేళ్ళు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నాయి. (కాలి వేళ్ళను అలా విడివిడిగా ఆడించడం అందరికీ చేతకాదు. ఆ రాత్రి నేనూ ప్రయత్నించాను. పిక్క పట్టేసింది.) కాళ్ళ మీద దుప్పటి కప్పాను. ఈసారి దవడ కదలడం మొదలైంది. నాలుక పళ్ళ మీద నడుస్తోంది!

"9కి 4?"

"పన్నెండు."

"పదమూడు కదమ్మా?"

"కింది పన్ను ఊడిపోయింది కదా నాన్నా, అందుకే ఒకటి తగ్గింది."

అటుగా వెళుతున్న మా ఆవిడ ఆగింది. "ముందు మీరు చెప్పండి. 17లోంచి 9 తీసేస్తే?"

"ఎనిమిది" అన్నాను, తడుముకోకుండా.

"మరి జేబులో ఆ చెయ్యి ఏం చేస్తోంది?"

తాళంచెవి వెతుకుతున్నానన్నాను. తాళంచెవి బల్ల మీద అందరికీ కనిపిస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి చట్టం రద్దయింది. అసలు వేళ్ళ తప్పేముంది? చిక్కల్లా పిల్ల ఎక్కడ బయలుదేరుతుందన్న దానిలోనే ఉంది. 3కి 9 కలపమంటే 3 దగ్గర బయలుదేరి తొమ్మిది అడుగులు వేస్తుంది. 9 దగ్గర బయలుదేరితే మూడడుగుల్లో ఇల్లు చేరొచ్చు. ఆ మాట చెప్పగానే, "మరి ముందే చెప్పొచ్చు కదా!" అని నన్నే కోప్పడింది.

తర్వాత తొమ్మిదో ఎక్కం. పది వేళ్ళూ చాపి, 9 నాలుగులకు ఎడమ నుంచి నాలుగో వేలు మడిస్తే, దానికి ఇటు మూడు, అటు ఆరు, అంటే 36. పొద్దున నిషేధించిన వేళ్ళతోనే సాయంత్రం నేను గారడీ చేసి చూపిస్తుంటే, మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

చివరికి 'పది చేయడం' దగ్గరికి వచ్చాం. కాగితం మీద అయిదేసి గళ్ళు రెండు వరుసలు గీసి, పాత గుండీల డబ్బా తెచ్చాను. 8కి 5 కలపాలంటే ముందు ఎనిమిది గళ్ళలో గుండీలు పెట్టాలి. అయిదింటిలోంచి రెండు తీసి ఖాళీ గళ్ళు నింపితే పది. బయట మూడు. పది, మూడు: పదమూడు. తెలుగు అంకె పేరులోనే పది ముందు కూర్చుని ఉంటుంది. 'థర్టీన్' అని నేర్చుకున్న మా పిల్ల, మూడు ముందు వినపడి 31 అని రాసిన రోజులున్నాయి. ఇదంతా గంభీరంగా వివరిస్తున్నప్పుడు నాకు తట్టింది. పొద్దున తన వేళ్ళు పదీ నింపుకుని నా దగ్గర మూడు అప్పు తీసుకున్నప్పుడు ఆ పిల్ల చేసిందీ ఇదే. పైకి మాత్రం చెప్పలేదు. గురువు పరువు అని ఒకటుంటుంది కదా.

"రాత్రి పడుకునేలోపు ఇంకోసారి చెయ్యి. ఒక్క గుండీ తగ్గినా ఒప్పుకోను" అని లేచిపోయాను.

సోమవారం పొద్దున ఆఫీసుకు హడావుడిగా చొక్కా తొడుక్కున్నాను. సరిగ్గా బొజ్జ దగ్గర గుండీ లేదు. తెగిపోలేదు, కత్తెరతో శుభ్రంగా కత్తిరించి ఉంది. కేకేస్తే కాగితంతో సహా వచ్చింది. గళ్ళలో పది, బయట మూడు. బయటి మూడింటిలో ఒకటి నాకు బాగా తెలిసినదే.

"డబ్బాలో పన్నెండే మిగిలాయి నాన్నా. పదమూడు కావాలి కదా. నీ చొక్కాకు ముందు ఏడున్నాయి. ఏడులోంచి ఒకటి తీస్తే ఆరు. వేళ్ళు వాడలేదు, కాళ్ళు కూడా!"

గుండీ లేని చోట సంచి అడ్డం పెట్టుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"చేతుల దగ్గరవి రెండూ తియ్యలేదు నాన్నా. రేపటి లెక్కకు ఉంచాను."