మైదానంతో పనేముంది?

అమెరికా కాలేజీ లాక్రోస్ ఒకప్పుడు ఎంత మర్యాదగా ఉండేదో తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. కర్ర చివరి వలలో బంతిని ఇరికించుకుని పరుగెత్తే ఆట అది. తన్నులన్నీ మైదానంలోనే తిన్నా, ఛాంపియన్ ఎవరో మాత్రం ఒక గదిలో తేలేది. 1936 నుంచి 1970 దాకా సీజన్ అయ్యాక పెద్దలు కూర్చుని, వింగేట్ ట్రోఫీ ఎవరికో చెప్పేసేవారు. ఫైనల్ లేదు, టెన్షన్ లేదు, వాన పడుతుందన్న బెంగా లేదు.

పెద్దలది జాలిగుండె. ఒక్కరికే ఇస్తే మిగతావాళ్లు నొచ్చుకుంటారని కాబోలు, 1967లో జాన్స్ హాప్కిన్స్, మేరీలాండ్, నేవీ (నావికాదళ అకాడమీ) జట్లు మూడింటినీ ఛాంపియన్లను చేశారు. 1970లో మళ్లీ ముగ్గురు: హాప్కిన్స్, నేవీ, వర్జీనియా. ఆ ఏడాదే కార్నెల్ ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచింది. దాని విస్తట్లో మాత్రం ఏమీ పడలేదు. వడ్డించేవాడు మనవాడు కాకపోతే ఏ బంతిలో కూర్చుంటే ఏం లాభం?

1971లో కాలేజీ క్రీడల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏకి దుర్బుద్ధి పుట్టి, ఆడి తేల్చుకోమంది. కార్నెల్ ఫైనల్లో మేరీలాండ్‌ను 12-6తో ఓడించి కప్పు పట్టుకుపోయింది. పెద్దమనుషుల కంటికి ఆనని జట్టు గంట ఆటలో ఇలా బయటపడితే ఇక కమిటీల పరువేం కాను?

అమ్మాయిల విషయంలో మాత్రం తొందరపడలేదు. 11 ఏళ్లు తాపీగా ఆగి, 1982లో వాళ్లకూ టోర్నమెంటు పెట్టారు. అప్పటికే ఏఐఏడబ్ల్యూ అనే మహిళా క్రీడల సంఘం వాళ్లకు ఛాంపియన్‌షిప్ నడుపుతోంది. ఇంకేం, ఒకే ఏడాది ఇద్దరు విజేతలు. ఎన్‌సీఏఏ లెక్కలో ట్రెంటన్ స్టేట్‌ను 9-6తో ఓడించిన మసాచుసెట్స్, ఏఐఏడబ్ల్యూ లెక్కలో టెంపుల్. ఆ రెండింటికీ ఒక మ్యాచ్ పెడితే పోయేదిగా అంటారా? మీకు పరిపాలన తెలియదు. తర్వాత ఏఐఏడబ్ల్యూ మూతపడింది, గొడవ దానంతటదే తీరింది.

గది మహిమ తగ్గిందని బాధపడుతున్నవారికి 1990 పెద్ద ఊరట. సిరక్యూజ్ ఫైనల్లో లయోలాను 21-9తో ఉతికి ఆరేసింది. తర్వాత విచారణలో, ఒక ఆటగాడి కారు లోనుకు కోచ్ భార్య నిబంధనలకు విరుద్ధంగా ష్యూరిటీ సంతకం పెట్టిందని తేలి, ఆ టైటిల్ రద్దు చేశారు. పోనీ లయోలాకు ఇచ్చారా అంటే అదీ లేదు. రికార్డు పుస్తకం ప్రకారం ఆ ఏడాది ఎవరూ గెలవలేదు. లయోలా మాత్రం ఓడిపోయింది.