బడి సర్వర్‌కు ఓపెన్ సోర్స్ పనికిరాదా? ఆ ప్రచారానికి జవాబు

“బడి నెట్‌వర్క్‌ను ఓపెన్ సోర్స్ సర్వర్ మీద నడపొద్దు. అది సరదాగా ప్రయోగాలు చేసుకునేవాళ్ల కోసం పుట్టింది. విండోస్ కంప్యూటర్లతో కలవదు. కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి పిల్లల వివరాలకు భద్రత ఉండదు. పెట్టినాయన వెళ్లిపోతే ఇక దిక్కుండదు.” ఓపెన్ సోర్స్ గురించి, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకోగల సాఫ్ట్‌వేర్ గురించి, టీచర్ల మధ్య తెగ తిరుగుతున్న మాటలివి. వీటిలో చివరిది ఒక్కటే ఆలోచించాల్సినది, మిగతావి తప్పు. వీటిని నమ్మి ఒక బడి నిర్ణయం తీసుకుంటే, దాని ఫలితాన్ని పిల్లలూ టీచర్లూ ఏళ్ల తరబడి భరించాలి. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మొదట, ప్రయోగాల కోసం పుట్టిందన్న మాట. లినక్స్ (విండోస్ బదులు వాడుకోగల ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడిచే స్కోలేలినక్స్ 2001లో నార్వేలో మొదలైందే బడుల కోసం. తర్వాత అది డెబియన్ అనే లినక్స్ రకానికి చెందిన బడుల ప్రాజెక్టు డెబియన్ ఎడ్యుతో ఒకటైంది. అందులో ప్రధాన సర్వర్ అనే ప్రొఫైల్ ఎంచుకుని ఇన్‌స్టాల్ చేస్తే, కంప్యూటర్లకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ, విద్యార్థుల ఖాతాలు ఉండే ఎల్‌డాప్, లాగిన్ సరిచూసే కెర్బెరోస్, ప్రింటింగ్, ఇంటర్నెట్ పేజీలను మధ్యలో ఉండి తెచ్చిపెట్టే వెబ్ ప్రాక్సీ ఇవన్నీ ఒకదానితో ఒకటి ముందే జతపడి వస్తాయి. ఒక అమ్మాయి ఇవాళ ఒక కంప్యూటర్ దగ్గర, రేపు ఇంకోదాని దగ్గర కూర్చున్నా తన ఫోల్డర్ తనకు కనిపిస్తుంది. బడిలో రోజూ ఎదురయ్యే అవసరం తెలిసినవాళ్లు చేసిన పని అది.

జర్మనీలో తయారైన ఇంకో బడి సర్వర్ సిస్టమ్ లినక్స్‌మస్టర్ డాట్ నెట్ చూడండి. ల్యాబ్ చూసుకునే టీచర్‌కు అసలు టెన్షన్ ఎక్కడ? ఒక పీరియడ్ పిల్లలు సెట్టింగులన్నీ మార్చేసి వెళ్తారు, పది నిమిషాల్లో ఇంకో క్లాసు వస్తుంది. దీనికి అందులో లిన్‌బో అనే భాగం ఉంది. కంప్యూటర్ ఆన్ కాగానే ముందు లిన్‌బో లేస్తుంది. సింక్ చేయమంటే, అదే హార్డ్ డిస్క్‌లో దాచి ఉన్న ఇమేజ్‌తో, అంటే సిస్టమ్ మొత్తానికి తీసిపెట్టిన నకలుతో, పోల్చి సిస్టమ్‌ను మళ్లీ మొదటి స్థితికి తెస్తుంది. దాంతో ప్రతి కంప్యూటర్‌నూ విడిగా బాగుచేస్తూ కూర్చోవాల్సిన పని తప్పుతుంది. పరీక్ష పెట్టాలంటే ఎగ్జామ్ మోడ్ కూడా ఉంది. అప్పుడు పిల్లలు వేరే ఖాతాతో లాగిన్ అవుతారు, వాళ్ల పాత ఫైళ్లు అందవు. టీచర్ ప్రశ్నపత్రం ఫైలును పంచి, జవాబులను తిరిగి తన దగ్గరికి తెచ్చుకోవచ్చు. సరదాకి రాసుకున్నవాళ్లకు ఎగ్జామ్ మోడ్ ఎందుకు?

విండోస్‌తో కలవదన్న మాట పాతబడి చాలా ఏళ్లయింది. లినక్స్ సర్వర్‌ను విండోస్ కంప్యూటర్లతో కలిపే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ సాంబా. 2012 డిసెంబర్‌లో వచ్చిన దాని 4.0 వెర్షన్ నుంచి లినక్స్ సర్వరే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా, అంటే విండోస్ నెట్‌వర్క్‌లో ఖాతాలనూ లాగిన్‌లనూ చూసుకునే సర్వర్‌గా, పనిచేయగలదు. విండోస్ కంప్యూటర్లు ఆ డొమైన్‌లో చేరతాయి, గ్రూప్ పాలసీలు, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకేచోట నుంచి పెట్టే సెట్టింగులు, తీసుకుంటాయి. మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో వచ్చే ప్రతి కొత్త ఫీచరూ సాంబాలో ఉండదన్నది నిజమే. కానీ ల్యాబ్‌కు కావాల్సిన ఖాతాలు, పాస్‌వర్డులు, షేర్డ్ ఫోల్డర్ల పనికి అది సరిపోతుంది. ల్యాబ్ మొత్తం విండోస్ అయితే, నా అభిప్రాయంలో డెబియన్ ఎడ్యు కంటే లినక్స్‌మస్టరే నప్పుతుంది.

భద్రత సంగతికొస్తే, బయట ఉండేది ప్రోగ్రామ్ కోడ్. పిల్లల పేర్లూ మార్కులూ పాస్‌వర్డులూ అందులో ఉండవు, బడి సర్వర్‌లోనే ఉంటాయి. ఇక కోడ్ మూసి ఉంచితే దాడులు ఆగుతాయా? 2017 మేలో వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్ విండోస్ కంప్యూటర్లను ముంచెత్తింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. అదే మే నెలలో సాంబాలోనూ తీవ్రమైన లోపం బయటపడింది. అది 3.5.0 వెర్షన్ నుంచీ ఉంది, అంటే ఏళ్లపాటు కోడ్ అందరి ముందూ ఉన్నా పట్టుబడలేదు. దానికీ ప్యాచ్ వచ్చింది. మూసిన కోడూ, తెరిచిన కోడూ వాటంతట అవి ఎవరినీ కాపాడలేదు. అప్‌డేట్లు ఎవరు వేస్తారు, ఎప్పుడు వేస్తారు అన్నదే బడి అడగాల్సిన ప్రశ్న.

ఓపెన్ సోర్స్‌ను మెచ్చుకునేవాళ్లు కూడా ఒక తప్పు చేస్తున్నారు. ఖర్చే ఉండదని చెప్తున్నారు. లైసెన్స్ డబ్బులు మిగిలినా మంచి డిస్కులు, యూపీఎస్, చూసుకునే మనిషి సమయం ఇవన్నీ కావాల్సిందే.

పెట్టినాయన వెళ్లిపోతే ఎలా అన్నది న్యాయమైన భయం. కానీ ఏ కంపెనీ సర్వర్ కొన్నా ఆ భయం ఉంటుంది. పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిస్తే అది ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇబ్బందే. తేడా ఒక్కచోట ఉంది. డెబియన్, సాంబా, ఎల్‌డాప్ బడుల బయట కూడా విస్తృతంగా వాడేవి కాబట్టి, అవి తెలిసిన ఇంకొకరు దొరుకుతారు. ఎల్‌డాప్ ఖాతాలను మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికి తీసుకోవచ్చు.

అందుకని సర్వర్ పెట్టే రోజే ఇద్దరికి పని నేర్పించండి. అడ్మిన్ పాస్‌వర్డ్ కవర్‌లో పెట్టి, సీల్ చేసి హెడ్మాస్టర్ దగ్గర ఉంచండి. ఏ కేబుల్ ఏ స్విచ్‌కు వెళ్తుందో కాగితం మీద గీసి పెట్టండి. బ్యాకప్‌ను వేరే యంత్రంలో దాచండి. టర్మ్ మొదలయ్యే ముందు ఒక ఫైలును కావాలని తీసేసి, సర్వర్ పెట్టినాయన సాయం లేకుండా ఆ రెండో మనిషి చేతే బ్యాకప్ నుంచి దాన్ని తిరిగి తెప్పించండి.