లెక్కలవాళ్లను లోపలికి రానివ్వకండి

కంపెనీల పాలన ఎలా ఉందో తేల్చే పనిలో అకౌంటెంట్లను వేలు పెట్టనివ్వకూడదని నేను చాలాకాలంగా మొత్తుకుంటున్నాను. సుపరిపాలన పెద్దమనుషుల వ్యవహారం. బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్లు (కంపెనీతో సంబంధం లేని బయటివాళ్లు) ఎంతమంది, ఏడాదికి ఎన్నిసార్లు కూర్చున్నారు, ఎన్ని కమిటీలు వేశారు అని చూసి మార్కులు వేసేస్తే పనైపోతుంది. అక్కడికి అకౌంటెంట్‌ను తీసుకెళ్లడమంటే పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకోవడమే. కూర్చోకముందే అడుగుతాడు: "బ్యాంకులో ఉందంటున్న డబ్బు నిజంగా ఉందా?" పెద్దల మధ్య అడిగే మాటేనా అది?

ఎన్రాన్‌ను చూసి మర్యాద నేర్చుకోవాలి. 64 పేజీల నీతి నియమావళి ఉన్న అమెరికా ఇంధన కంపెనీ. ఆడిట్ కమిటీకి పెద్ద, స్టాన్‌ఫర్డ్‌లో అకౌంటింగ్ చెప్పిన ప్రొఫెసర్. కంపెనీ ఫైనాన్స్ చీఫ్ ఆండ్రూ ఫాస్టో తానే నడిపే భాగస్వామ్య సంస్థలతో కంపెనీ చేత వ్యాపారం చేయించాలనుకున్నాడు. నియమావళి ఒప్పుకోదు. బోర్డు దొంగచాటుగా ఏమీ చేయలేదు. 1999లో శుభ్రంగా సమావేశమై, ఆయన మట్టుకు ఆ నియమాన్ని పక్కన పెట్టింది. నియమం తప్పడంలో కూడా ఎంత నియమం!

పైగా దాచిపెట్టారని ఎవరూ అనడానికి లేదు. 2000 సంవత్సరపు వార్షిక నివేదికలో లెక్కల వెనక వివరణలుగా ఇచ్చే నోట్లలో 16వ నోట్ తీయండి. ఫలానా భాగస్వామ్య సంస్థలతో లావాదేవీలు జరిపామనీ, వాటి వెనుక ఉన్నది మన సీనియర్ అధికారి ఒకరనీ రాసే ఉంది. ఆ అధికారి పేరు మాత్రం ఉండదు. ముందు పేజీల్లో ఛైర్మన్ నవ్వు, విలువల గురించి పెద్దక్షరాలు, వెనకెక్కడో చీమల బారులాంటి ఈ నోట్. వార్షిక నివేదికను వెనకనుంచి చదివే దురలవాటు ఉన్నవాడికే ఇది కనబడుతుంది. అలాంటివాళ్లు అప్పట్లో కొందరే. 2001 డిసెంబర్‌లో కంపెనీ దివాలా తీశాక మాత్రం అందరూ 16వ నోట్ చదివారు.

ఇక మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం. పేరు మీద జోకులు ఇప్పటికే అరిగిపోయాయి, వదిలేద్దాం. 2008 సెప్టెంబర్‌లో ఆ కంపెనీకి సుపరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. అదే సెప్టెంబర్ 30 నాటి బ్యాలెన్స్ షీట్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న ఛైర్మనే ఉత్తరం రాశారు. లేని ఆ డబ్బు మీద 376 కోట్ల వడ్డీ కూడా రావాల్సినట్టు చూపారు. నాకు ముచ్చటేసింది. అబద్ధమైనా సరే, దాన్ని ఊరికే ఉంచకుండా వడ్డీకి తిప్పారు. అవార్డును తర్వాత వెనక్కి తీసుకున్నారు. నా దృష్టిలో అది తొందరపాటు.

అకౌంటెంట్లంతా మొరటువాళ్లని నేను అనడం లేదు. నిల్వ ఎంతో చెప్పమని ఆడిటర్ బ్యాంకుకే నేరుగా ఉత్తరం రాసి, జవాబును తానే తెప్పించుకోవాలని పద్ధతి. సత్యం ఆడిటర్లు ఆ ఉత్తరాలు పంపే పనీ, జవాబులు తెచ్చే పనీ కంపెనీకే వదిలేశారు. తాళాలు ఎవరి చేతికివ్వాలో వాళ్లకే ఇచ్చారన్నమాట. ఇలాంటి సంస్కారవంతులను మాత్రం లోపలికి పిలవవచ్చు.

ప్రమాదమంతా అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్ ఇంటర్నల్ ఆడిటర్ల (కంపెనీలోనే ఉద్యోగం చేస్తూ దాని లెక్కలు తనిఖీ చేసేవాళ్ల) లాంటి వాళ్లతోనే. ఏ ఏడాదికా ఏడాది ఖర్చు రాయాల్సిన వందల కోట్ల డాలర్లను ఆస్తులుగా చూపి కంపెనీ లాభాలు నిలబెట్టుకుంటుంటే, వీళ్లు రాత్రిళ్లు కూర్చుని 2002లో ఆ ఎంట్రీలు తవ్వి తీశారు. ఆఫీసు పని పగలు చేసుకోవాలని కూడా తెలియదు. "లాభం పెరుగుతోంది, చేతికొచ్చే క్యాష్ ఎందుకు పెరగడం లేదు?" అని గొణిగేదీ ఇలాంటివాళ్లే. లాభం కనబడుతుంటే క్యాష్ ఊసెందుకు?

లెక్కలడిగేవాళ్లతో ఎలా మెలగాలో జర్మనీ చూపించింది. వైర్‌కార్డ్ అనే చెల్లింపుల కంపెనీ లెక్కల్లో ఏదో తేడా ఉందని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక వరసగా రాస్తే, అక్కడి నియంత్రణ సంస్థ బాఫిన్ 2019లో ప్రాసిక్యూటర్లకు ఫిర్యాదు చేసింది. కంపెనీ మీద కాదు, రాసిన విలేకరుల మీద. మరుసటి ఏడాది జూన్‌లో, 190 కోట్ల యూరోలు బహుశా లేనే లేవని కంపెనీయే ప్రకటించింది. విలేకరుల మీద దర్యాప్తును సెప్టెంబర్‌లో గానీ మూసేయలేదు.