రాత్రి రీడింగ్ కూడా చూడండి

పైపు గ్యాస్ వాడకాన్ని కొలిచి, ఆ లెక్కను ఫోన్ యాప్‌లో చూపే స్మార్ట్ గ్యాస్ మీటర్ పెడితే బిల్లు దానంతటదే తగ్గుతుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. మీటర్ కొలుస్తుందే తప్ప గ్యాస్ ఆదా చేయదు. ఆ లెక్క చూసి మనం ఏదైనా మారిస్తేనే తేడా.

మా మీటర్ గంట గంటకూ వాడకం చూపిస్తుంది. ఒకసారి రాత్రి 2 నుంచి 4 దాకా, అందరం నిద్రలో ఉండగా, కొద్దికొద్దిగా గ్యాస్ ఖర్చవుతూనే ఉంది. లీకేజీ అనుకుని టెన్షన్ పడి మెకానిక్‌ను పిలిపించాం. తీరా చూస్తే వాటర్ హీటర్ లోపల ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న నీలిమంట, పైలట్ లైట్! నెలకోసారి తీసే రీడింగ్‌లో అది ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇంకో మాట. ఈ మీటర్లు సాధారణంగా బ్యాటరీ మీద నడుస్తాయి. ఆ బ్యాటరీ ఏళ్ల తరబడి రావాలి కాబట్టి రీడింగులు క్షణక్షణం పంపవు, పోగుచేసి పంపుతాయి. అందుకే మీటర్‌ను లీకేజీ అలారంగా నమ్ముకోవద్దు. జపాన్ ఇళ్లలోని మీటర్లు పెద్ద భూకంపం వస్తే సరఫరాను వాటంతటవే ఆపేస్తాయి. మీ మీటర్‌లో అలాంటి వాల్వ్ ఉందో లేదో పెట్టేటప్పుడే అడగండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం యాప్ తెరుస్తూ కూర్చోకండి. స్విచ్‌లు ముట్టుకోకుండా అందరినీ తీసుకుని ముందు బయటికి వచ్చేయండి.